తాబేలు తప్పటడుగులు

లోగో పుట్టినప్పుడు దానికి తాబేలు లేదు. 1967లో అమెరికాలోని కేంబ్రిడ్జిలో, బోల్ట్ బెరానెక్ అండ్ న్యూమన్ అనే సంస్థలో వాలీ ఫ్యూర్జైగ్, సేమూర్ పేపర్ట్, సింథియా సాలమన్, డేనియల్ బోబ్రో కలిసి పిల్లల కోసం ఒక కంప్యూటర్ భాష తయారుచేశారు. అప్పట్లో ఆ భాషకు తెలిసినవి మాటలూ, వాక్యాలూ, అంకెలే. 1968-69లో మసాచుసెట్స్ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో ఏడో తరగతి పిల్లలు ఏడాది పొడుగునా లెక్కల క్లాసుకు బదులు లోగో నేర్చుకున్నారు. మాటలను మార్చి పలికే ప్రోగ్రాములూ, చిన్న చిన్న ఆటలాడే ప్రోగ్రాములూ రాశారు. కంప్యూటర్ ఎక్కడో ఉండేది. పిల్లల ముందున్నది దానికి తీగతో కలిపిన టెలిటైపు మాత్రమే. నేలమీద కదిలే యంత్రం రావడానికి మరికొంత కాలం పట్టింది. లోగో చరిత్ర రాసేవాళ్లు ఈ ఆలస్యాన్ని ఒక్క వాక్యంతో దాటేస్తారు. ఆ తర్వాత యాభై ఏళ్లలో అమెరికాలో, బ్రిటన్‌లో, మన దేశంలో బడుల్లోకి వచ్చిన చిన్న యంత్రాల కథంతా నాకు అందులోనే కనిపిస్తుంది. పిల్లలకు సులువైన భాష ఉంటే చాలలేదు. తను చేసిన తప్పు తన కళ్లకే కనబడే చోటు, దాన్ని దిద్దుకునే తీరిక కూడా కావలసి వచ్చాయి. ఆ రెండూ దొరికినప్పుడు చదువు సాగింది. దొరకనప్పుడు ఎంత ఖరీదైన యంత్రమైనా బట్టీ పాఠంగానే మిగిలింది.

తాబేలు అన్న పేరు మాత్రం ఇంగ్లండ్‌ది. బ్రిస్టల్‌లో మెదడు మీద పరిశోధన చేసిన విలియం గ్రే వాల్టర్ 1948-49 ప్రాంతంలో ఎల్మర్, ఎల్సీ అని చక్రాల మీద నడిచే రెండు తాబేలు బొమ్మలు చేశాడు. అవి వెలుతురును వెతుక్కుంటూ, అడ్డొచ్చినవాటిని తప్పించుకుంటూ వాటంతటవే గదిలో తిరిగేవి. 1970ల మొదట్లో ఎంఐటిలో తయారైన లోగో తాబేలు ఆ పేరునూ ఆ ఆకారాన్నీ తీసుకుని, పనిని మాత్రం తలకిందులు చేసింది. ఇది తనంతట తాను ఏమీ చేయదు. పైన గుండ్రటి మూత, మధ్యలో కలం, కింద పరిచిన కాగితం. ముందుకు ఇంత, కుడికి ఇన్ని డిగ్రీలు, కలం దించు, కలం ఎత్తు అని చెబితే చెప్పినంతే చేస్తుంది. పేపర్ట్ దక్షిణాఫ్రికాలో పుట్టి, ఎంఐటికి రాకముందు జెనీవాలో జాఁ పియాజే దగ్గర కొన్నేళ్లు పనిచేసినవాడు. తెలివిని ఒకరు పోస్తే నింపుకోవడం కాక, పిల్లలు తమ చేతలతోనే దాన్ని కట్టుకుంటారన్న పియాజే ఆలోచన అతనికి అక్కడే ఒంటబట్టింది. తాబేలుకు ఒక చోటుంది, ఒక ముఖముంది. పిల్లలకూ అంతే. తాబేలు ఎటు తిరగాలో తోచకపోతే లేచి నిలబడి తామే నడిచి చూసుకోవచ్చు. తెలుగు అచ్చులోనో ఇంగ్లిష్ అచ్చులోనో ఉన్న జ్యామితి పుస్తకం ఈ వెసులుబాటు ఇవ్వదు.

త్రిభుజం గీయబోతే ఇది బాగా తెలుస్తుంది. సమబాహు త్రిభుజంలో ఒక్కో కోణం 60 డిగ్రీలని పిల్లలు అప్పటికే విని ఉంటారు. అందుకని ముందుకు 100, కుడికి 60, ఇలా మూడుసార్లు అని రాస్తారు. తాబేలు మూడు గీతలూ గీస్తుంది, కానీ మొదలూ చివరా కలవవు. పక్కకు ఒరిగి బోర్లించిన గంపలాంటి బొమ్మ ఒకటి వస్తుంది. ఇంకో మూడుసార్లు అదే చెబితే గీతలు కలుస్తాయి గానీ వచ్చేది షడ్భుజి. అప్పుడు పిల్ల లేచి నేలమీద నడుస్తుంది. మూలకు చేరి ఆగాక తను తిరగాల్సింది లోపలి కోణమంత కాదని, వస్తున్న దారిని వదిలి కొత్త దారికి మళ్లేంత అని కాళ్లకు తెలుస్తుంది. 180లోంచి 60 తీసేస్తే 120. మూడు మూలల దగ్గరా 120 చొప్పున తిరిగితే 360. చతురస్రానికి నాలుగు 90లు, అదీ 360. షడ్భుజికి ఆరు 60లు, మళ్లీ 360. బయల్దేరిన చోటికి వచ్చి మొదట చూసిన వైపే చూస్తూ నిలబడాలంటే తిరగాల్సిన మొత్తం అంతేనన్నమాట. ఇదే సంగతిని బహుభుజి బాహ్యకోణాల మొత్తం అంటూ బోర్డు మీద సూత్రంగా రాయిస్తారు. అక్కడ 60 అని రాసిన పిల్లకు ఎర్ర సిరాతో ఇంటూ పడి, మార్కు పోయి, పాఠం ముందుకు సాగిపోతుంది. ఇక్కడ 60 అని చెప్పినందుకు ఓ షడ్భుజి చేతికొచ్చింది, అది ఎందుకొచ్చిందో తేల్చుకోకుండా వదలబుద్ధి కాదు. తప్పులోంచి ఇంకో నిజం పుట్టడం చదువులో అరుదుగా జరిగే పని.

ఈ సంగతిని పేపర్ట్ కన్నా నిక్కచ్చిగా పట్టుకున్నది ర్యాడియా పర్ల్‌మన్ అని నా అభిప్రాయం. 1974-76 మధ్య ఎంఐటి లోగో ప్రయోగశాలలో పనిచేస్తూ ఆమె అడిగిన ప్రశ్న చాలా సూటిది: చదవడమే రాని మూడున్నరేళ్ల పిల్లకు ప్రోగ్రామింగ్ ఎలా చెప్పాలి? ముందు బొత్తాలున్న పెట్టె చేశారు. బొత్తం నొక్కితే తాబేలు వెంటనే కదులుతుంది. ఆ తర్వాత అసలు యంత్రం. అందులో వేర్వేరు రంగుల వరసలు, ఒక్కో వరసలో బద్దీల్లాంటి సందులు. ముందుకు వెళ్లు, తిరుగు అన్న బొమ్మలున్న ప్లాస్టిక్ కార్డులను ఆ సందుల్లో వరసగా గుచ్చి, వరస చివరి బొత్తం నొక్కితే తాబేలు ఒక్కో కార్డునూ అమలు చేస్తుంది. ఒక వరసలో ఇంకో రంగు కార్డు గుచ్చితే ఆ రంగు వరస మొత్తం నడిచి వస్తుంది. ఒక పనిని ముక్కలు చేసి, ముక్కకో పేరు పెట్టి పిలవడమనే పెద్ద పాఠం అక్షరం ముక్క రాకుండానే చేతికి అందింది. ఏ క్షణాన ఏ కార్డు నడుస్తోందో ఆ కార్డు దగ్గర దీపం వెలిగేది. తాబేలు గోడ వైపు మళ్లిన క్షణాన ఏ దీపం వెలుగుతోందో చూస్తే చాలు, తప్పు కార్డు అదే. ఈ దీపమే ఆ యంత్రానికి ప్రాణమని నేననుకుంటాను. పర్ల్‌మన్ ఆ పనిని ఎక్కువకాలం కొనసాగించలేదు. శాస్త్రవేత్తల మధ్య తానొక్కతే ఆడది కావడం, చంటిపిల్లలతో పని చేస్తుంటే తనను ఎవరూ గట్టిగా పట్టించుకోరేమో అన్న సంకోచం కారణాలని ఆమే తర్వాత చెప్పుకొచ్చింది. 1985లో ఆమె రూపొందించిన స్పానింగ్ ట్రీ పద్ధతి వల్ల నెట్‌వర్కుల రంగంలో ఆమెకు పెద్ద పేరొచ్చింది. పిల్లల రంగం మాత్రం నష్టపోయింది.

ఈ కథను ప్రయోగశాల గడప దాటించి దేశం మీదికి తెచ్చింది బ్రిటన్. 1978లో మైక్రోచిప్పుల వల్ల ఉద్యోగాలకు ఏ గతి పడుతుందో చెబుతూ బిబిసి ఓ డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. ఆ కలవరంలోంచే కంప్యూటర్ అక్షరాస్యత పథకం పుట్టింది. 1981 డిసెంబరులో ఏకార్న్ కంపెనీ చేసిన బిబిసి మైక్రో వచ్చింది, 1982 జనవరిలో టీవీ పాఠాలు మొదలయ్యాయి. 12,000 అమ్ముడుపోతాయేమో అనుకున్న యంత్రం 15 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. సెకండరీ బడి ఒక కంప్యూటర్ కొంటే సగం ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది. ఆన్ చేయగానే తెరమీద బేసిక్ భాష సిద్ధంగా ఉండేది. మనం ఏదో ఒకటి రాస్తే తప్ప అది ఏమీ చేసేది కాదు. ఆ బేసిక్‌ను రాసిన సోఫీ విల్సన్ తర్వాత స్టీవ్ ఫర్బర్‌తో కలిసి రూపొందించిన ఆర్మ్ ప్రాసెసర్ వంశమే ఇవాళ మన ఫోన్లన్నిటా ఉంది. ఈ విజయగాథను అందరూ చెబుతారు. బడికొక కంప్యూటర్ ఉన్న రోజుల్లో తప్పు చేసి చూసుకునే వంతు ఎవరికి, ఎంతసేపు వచ్చి ఉంటుందని మాత్రం ఎవరూ అడగరు. తీరిక దొరికింది ఇంట్లో యంత్రం ఉన్న పిల్లలకు. మోడల్ బి ధర 399 పౌండ్లు కాబట్టి ఆ ఇళ్లు ఎలాంటివో ఊహించుకోవచ్చు. 1990లు వచ్చేసరికి బ్రిటన్ బడుల్లో ప్రోగ్రామింగ్ మూలకు పోయి, ఉత్తరాలు టైపు చేయడం, పట్టికలు నింపడం పాఠాలైపోయాయి. ఆ పాఠాలను 2012లో రాయల్ సొసైటీ తూర్పారబట్టాక, 2014 సెప్టెంబరులో గానీ ప్రోగ్రామింగ్ ఇంగ్లండ్ పాఠ్యప్రణాళికలోకి తిరిగి రాలేదు.

అదే బిబిసి మైక్రో మన దేశానికీ వచ్చింది. 1984-85లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యాశాఖ, ఎన్‌సిఇఆర్‌టి కలిసి 'క్లాస్' అనే పథకాన్ని సుమారు 250 బడుల్లో మొదలుపెట్టాయి. తర్వాత మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ ఆ కంప్యూటర్‌నే యూనికార్న్ పేరుతో ఇక్కడ బిగించింది. మొత్తం మీద దాదాపు 12,000 కంప్యూటర్లు రాష్ట్ర ప్రభుత్వాల ద్వారా బడులకు చేరాయి. ఎనిమిదో ప్రణాళిక నాటి లెక్కల్లో ఇవి ఉన్న బడులు రెండు వేల పైచిలుకు, అంటే బడికి ఐదు. నలభై మంది క్లాసులో ఒక్కో యంత్రం చుట్టూ ఎనిమిది మంది. వాటిలో నడిచే పాఠాలు చాలావరకు బ్రిటన్ బడుల కోసం ఇంగ్లిష్‌లో తయారైనవి. కొద్ది వారాల శిక్షణ పొందిన లెక్కల మాస్టారో సైన్సు మాస్టారో తన పీరియడ్లకు తోడు ఇదీ చూసుకోవాలి. ఇక మన బడుల్లో కంప్యూటర్ గది అంటే తెలిసిందే: చెప్పులు బయట విప్పాలి, లోపల ఏదీ ముట్టుకోకూడదు, తాళంచెవి హెడ్మాస్టరు దగ్గర ఉంటుంది. పాడైతే ఎవరు సమాధానం చెప్పాలన్న భయం యంత్రం కన్నా పెద్దది. తప్పు చేసి చూడమని పిలవాల్సిన వస్తువును తప్పు చేస్తే కొంప మునిగే వస్తువుగా మార్చేశాం. 12,000 కంప్యూటర్లతో ఇంత పెద్ద దేశంలో ఏం సాధిస్తారు, లోపమంతా సంఖ్యలోనే ఉంది అనే వాదన ఒకటుంది. సంఖ్య చిన్నదే, ఒప్పుకోవాల్సిందే. అయితే మొదట చేరిన ఆ 250 బడుల్లోనైనా లోతుగా పాతుకుందా అంటే, 1990ల్లో కొత్త కంప్యూటర్లు రాగానే పాతవాటితోపాటు అప్పటిదాకా చేసిన పనీ మూలపడింది. సంఖ్య పెరిగినా అలవాటు మారకపోతే ఇదే జరిగేదని ఆ తర్వాతి చరిత్ర చూపిస్తుంది.

దీనంతటి మీదా ఒక గట్టి అభ్యంతరం ఉంది, అది పరిశోధకుల నుంచి వచ్చింది. 1980లో పేపర్ట్ మైండ్‌స్టార్మ్స్ పుస్తకం వచ్చాక లోగో పిల్లల ఆలోచననే మార్చేస్తుందన్న ఆశ అమెరికా అంతటా పాకింది. న్యూయార్క్‌లోని బ్యాంక్ స్ట్రీట్ కాలేజీలో రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ దాన్ని పరీక్షించారు. ఏడాదిపాటు లోగో నేర్చిన పిల్లలకు, నేర్వని పిల్లలకు క్లాసు గదిలో పనులను తక్కువ నడకతో చక్కబెట్టే పథకం వేయమని ఇచ్చారు. రెండు జట్లకూ తేడా కనబడలేదని 1984లో ప్రకటించారు. దీనికి పేపర్ట్ 1987లో జవాబిస్తూ, ఏదో మందు వేసినట్టు లోగోను పిల్లలకు వేసి ఫలితం కొలవడమేమిటి, చుట్టూ ఉన్న సంస్కృతిని కదా చూడాలి అన్నాడు. ఆ మాటలో సగం నిజముంది, సగం తప్పించుకోవడముంది. ఏ కొలతకూ దొరకని మేలును నమ్మమనడం శాస్త్రం కాదు. అసలైన సమాధానం 1988లో కార్నెగీ మెలన్ నుంచి వచ్చింది. డేవిడ్ క్లార్, షారన్ కార్వర్ 8 నుంచి 11 ఏళ్ల పిల్లలకు లోగోతోపాటు తప్పు పట్టుకునే పద్ధతిని విడిగా, మెట్టు మెట్టుగా నేర్పారు. అనుకున్నదీ వచ్చినదీ పక్కపక్కన పెట్టి తేడా చెప్పాలి. ఎలాంటి తప్పైతే ఇలాంటి తేడా వస్తుందో ఊహించాలి. ప్రోగ్రాములో అది ఎక్కడుందో వెతకాలి. దిద్ది మళ్లీ నడిపి చూడాలి. ఆ తర్వాత కంప్యూటర్‌తో సంబంధం లేని పనులిచ్చారు: దారి చెప్పే కాగితంలోనో, సామాను సర్దే సూచనల్లోనో ఎక్కడో ఒక తప్పుంది, పట్టుకోండి అని. పిల్లలు మొదటి వాక్యం నుంచి గుడ్డిగా చదవడం మానేసి, తప్పు ఉండాల్సిన చోటికే వెళ్లి వెతికారు. అంటే బ్యాంక్ స్ట్రీట్ ఫలితమూ నిజమే, ఈ ఫలితమూ నిజమే. భాష ఒక్కటే నేర్పితే భాషే వస్తుంది. తప్పు దిద్దుకోవడాన్ని పాఠంగా చెబితే అది బయటి పనులకూ ఒదుగుతుంది.

ఈ తేడా తెలియాలంటే మన ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడుల కంప్యూటర్ పుస్తకాలు తిరగేస్తే చాలు. హైదరాబాద్ కానివ్వండి, విజయవాడ కానివ్వండి, మూడో తరగతికో నాలుగో తరగతికో లోగో పాఠం చాలా ఏళ్లుగా ఉంది. తెరమీద చిన్న త్రికోణమే తాబేలు. పరీక్షలో వచ్చే ప్రశ్నలు: ఎఫ్‌డి అంటే ఏమిటి? ఆర్‌టి పూర్తి రూపం రాయుము. చతురస్రం గీయుటకు ఆదేశాలు రాయుము. ఎఫ్‌డి 100 ఆర్‌టి 90, నాలుగుసార్లు. పిల్లలు దాన్ని ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెబుతారు. తాబేలును తప్పుల కోసం తెచ్చిన వాళ్ల పుస్తకం పేరు ఆ పాఠం చెప్పే మాస్టారుకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా నలభై నిమిషాల పీరియడ్‌లో ఏం చేస్తారు? తెరమీది తాబేలు పనికిరాదని నేననడం లేదు. ఖర్చు తక్కువ, కాళ్లకు అడ్డం పడదు, చక్రం జారి 88 డిగ్రీలే తిరిగే బెడదా ఉండదు. నేలమీది యంత్రానికున్న ఈ చివరి బెడదను దాని అభిమానులు దాచిపెడుతుంటారు: తప్పు తనదో చక్రానిదో తెలియని పిల్ల అయోమయంలో పడుతుంది. తెర ఆ అయోమయం తీర్చేసింది, నిజమే. దానితోపాటు లేచి నడిచి చూసుకునే అలవాటునూ చాలా చోట్ల తీసేసింది. నిలువు తెరమీద 'ముందుకు' అంటే పైకి. అది తన ఒంటికి అన్వయించుకోవాలంటే ఎవరో ఒకరు చెప్పాలి.

అయితే యంత్రమే ఎందుకు, పిల్లలే తాబేళ్లయితే పోలా అని అడిగేవాళ్లున్నారు. ఒకడి కళ్లకు గంత కట్టి, ఇంకొకడు ఆదేశాలిస్తూ నడిపించే ఆట ఏ బడి ఆవరణలోనైనా ఆడించవచ్చు, పైసా ఖర్చు లేదు. కంప్యూటర్ లేకుండానే కంప్యూటర్ శాస్త్రం చెప్పే ఇలాంటి ఆటలను న్యూజిలాండ్‌లో టిమ్ బెల్ బృందం 1990ల నుంచి చక్కగా తీర్చిదిద్దింది కూడా. మొదటి వారం పాఠానికి ఇంతకన్నా మంచి దారి లేదు. కానీ మనిషికి ఒక మంచి గుణముంది, ఇక్కడ అదే అడ్డొస్తుంది. 'కొంచెం కుడికి' అంటే తోటి పిల్లవాడు ఎదుటివాడి ఉద్దేశం కనిపెట్టి సర్దుకుపోతాడు. గోడ వస్తే ఆగిపోతాడు, స్నేహితుడి పరువు కాపాడతాడు. యంత్రం సర్దుకుపోదు. మనం అనుకున్నది దానికి అక్కర్లేదు, చెప్పింది మాత్రమే చేస్తుంది. తన మనసులో ఉన్నదానికీ తను చెప్పినదానికీ మధ్య ఎంత దూరముందో పిల్లకు ఆ మొండితనం వల్లే తెలుస్తుంది.

ఇన్ని అనుభవాల తర్వాత బిబిసి మళ్లీ రంగంలోకి దిగి చేసినది మైక్రోబిట్. 4 సెంటీమీటర్లకు 5 సెంటీమీటర్ల చిన్న పలక; రెండు బొత్తాలు, 25 ఎర్ర దీపాలు, కదలికను కొలిచే పరికరం, దిక్సూచి. తొలి రకంలో జ్ఞాపకశక్తి 16 కిలోబైట్లు, సరిగ్గా 1981 నాటి మోడల్ ఏలో ఉన్నంత. 2016 మార్చి నుంచి బ్రిటన్‌లో 11-12 ఏళ్ల పిల్లలకు పది లక్షల వరకూ ఉచితంగా పంచారు, బడికి కాకుండా పిల్లల చేతికే. పంచాల్సింది 2015 చివర్లో. విద్యుత్ సరఫరాలో చిక్కు రావడంతో సగం విద్యాసంవత్సరం గడిచిపోయింది. ఆ యంత్రం తన తప్పును ఎలా చెబుతుందో గమనించండి. ప్రోగ్రాము జ్ఞాపకశక్తిని మించిపోతే దీపాల మీద ఏడుపు ముఖం, దాని వెనకే 020 అన్న అంకె కనిపిస్తాయి. పైథాన్ భాషలో రాసినది తప్పైతే ఏ వరుసలో తప్పో దీపాల మీద అక్షరాలు పాకుతూ చెబుతాయి. అడుగులు లెక్కపెట్టే ప్రోగ్రాము రాసి మేజోడులో పెట్టుకుని నడిస్తే, ఒక్కో అడుగుకు రెండేసి పెరగడమో, కూర్చుని కాలు ఊపినా పెరగడమో కనిపిస్తుంది. ఎంత కుదుపును అడుగనాలి అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది, దానికి పుస్తకంలో జవాబు లేదు. పిల్లలకు ఇది నచ్చిందని సర్వేలు చెప్పాయి. నచ్చడం వేరు, నేర్వడం వేరు కాబట్టి నాకు వాటికన్నా స్యూ సెంటెన్స్ బృందం 2019లో ప్రకటించిన పని ముఖ్యంగా తోస్తుంది. ప్రోగ్రాము నడిపే ముందు ఏం జరుగుతుందో పిల్లలు ఊహించి చెప్పాలి, నడిపి చూడాలి, విప్పి చూడాలి, మార్చాలి, ఆపైనే సొంతంగా రాయాలి అన్నది వాళ్ల పద్ధతి. అలా నేర్చిన క్లాసులు మామూలు క్లాసుల కన్నా పరీక్షలో మెరుగ్గా చేశాయి. ముందే ఊహించి చెప్పిన పిల్లకు మాత్రమే ఫలితం తన తప్పుగా కనిపిస్తుంది. ఊహించని పిల్లకు అది యంత్రం చేసిన వింత.

ఇప్పుడు కంప్యూటరే ప్రోగ్రాములు రాసేస్తుంటే ఇదంతా దేనికన్న ప్రశ్నకు పెద్ద సమాధానం అక్కర్లేదు. ఎవరు రాసినా అది అనుకున్నది చేస్తోందో లేదో చూసే కన్ను కావాలి. ఖర్చు ప్రశ్న అంతకన్నా బరువైనది. పైకప్పు కారే బడికి, టీచరు పోస్టు ఖాళీగా ఉన్న బడికి దీపాల పలక ఎందుకు? ఆ బడికి ముందు కప్పూ టీచరూ కావాలి, అందులో వాదనకేమీ లేదు. కానీ డబ్బు ఇప్పటికే ఖర్చవుతోంది. 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబులకు బడికి 20 లక్షల రూపాయల వరకూ ఇస్తున్నారు. 2020 జాతీయ విద్యావిధానం ఆరో తరగతి నుంచి కోడింగ్ ఉండాలంది. పెట్టెలు వస్తాయి, వచ్చాయి కూడా. వాటిని తెరిచి పిల్లల చేతికిచ్చాక జరిగేదాన్ని మన రికార్డు పుస్తకం నిర్ణయిస్తుంది. మన దగ్గర ప్రాక్టికల్ రికార్డు అంటే లక్ష్యం, పద్ధతి, ఫలితం. సరిగ్గా నడిచిన ప్రోగ్రామునే ఫెయిర్ చేసి ఎక్కిస్తారు, అదీ చాలాసార్లు పక్కవాడి దాంట్లోంచి. అంతకుముందు ఆరుసార్లు నడవనిది ఏ పేజీలోనూ ఉండదు, దానికి మార్కూ లేదు. ఆ ఆరింటికీ ఒక పేజీ కేటాయించడానికి కొత్త ల్యాబు అక్కర్లేదు. పరీక్షలోనూ నాలుగు అడుగులు వేస్తే ఎనిమిది లెక్కపెట్టే ప్రోగ్రాము ఒకటి అచ్చువేసి, తప్పు ఏ వరుసలో ఉంది, ఎలా కనిపెట్టావు అని అడిగితే అయిదు మార్కుల ప్రశ్నవుతుంది. పేపరు తయారుచేసే కమిటీ ఒప్పుకుంటే ఈ మార్చికే అడగవచ్చు.